పాత ఆర్కేడ్ పెట్టెలో మల్టీగేమ్ బోర్డు బిగించడం ఎలా? విశాఖ ఉప్పుగాలిని కూడా లెక్కలో పెట్టుకుని

"మూతపడిన వీడియో గేమ్స్ దుకాణం నుంచి పెట్టె తెచ్చాను. స్విచ్చి వేస్తే తెర వెలుగుతోంది కానీ ఆట రావడం లేదు. అరవై ఆటల బోర్డు కొని పెడితే సరిపోతుందా?" ఒకసారి గాజువాక నుంచి, ఒకసారి మర్రిపాలెం నుంచి, ఇంకోసారి పెందుర్తి నుంచి నన్ను అడిగేది ఇదే. సరిపోతుంది. అయితే బోర్డు కొనడం ఈ పనిలో పదో వంతు మాత్రమే. మిగిలిన తొమ్మిది వంతులూ పెట్టెలోని పాత వైర్లతోనే. కొత్త బోర్డు కాలిపోయిందని నా దగ్గరికి తెచ్చినవారిలో ఎక్కువమంది తప్పు బోర్డుమీద వేశారు. విప్పి చూస్తే అసలు కారణం తిరగేసి పెట్టిన కనెక్టరో, ఎవరూ కొలవని వోల్టేజీయో.

నా మొదటి బోర్డును నేనూ అలాగే తగలబెట్టాను. అందుకే ఇక్కడ చెప్పే వరుసను దాటవద్దు. ముఖ్యంగా నాలుగో మెట్టును.

కొనడానికి ముందు చూసుకోవలసిన మూడు విషయాలు

మొదటిది, మీ పెట్టెలో తెర నిలువుగా ఉందా, అడ్డంగా ఉందా? 60-ఇన్-1 అని అమ్మే బోర్డులో ఉండేవి ప్యాక్-మ్యాన్, గలాగా, డాంకీ కాంగ్, ఫ్రాగర్, డిగ్ డగ్, 1942 వంటి 1980ల నాటి ఆటలు. ఇవన్నీ నిలువు తెర ఆటలే. అడ్డం తెర ఉన్న పెట్టెలో ఈ బోర్డు పెడితే బొమ్మ పక్కకు పడుకుంటుంది, మీరు మెడ వంచుకుని ఆడాలి.

రెండోది, "ముస్తఫా ఉంటుందా?" అనే ప్రశ్న. 1990లలో విశాఖలో పెరిగిన వారెవరైనా ముందు అడిగేది ఇదే. ఆ ఆట అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, 1993లో క్యాప్‌కామ్ తెచ్చింది. ముస్తఫా అందులో ఒక పాత్ర పేరు, మన దేశంలో ఆటకే ఆ పేరు స్థిరపడిపోయింది. అది అడ్డం తెర ఆట, 60-ఇన్-1లో ఉండదు. అదే కావాలంటే అడ్డం తెరకు తయారైన వేరే మల్టీగేమ్ బోర్డు చూసుకోండి. స్ట్రీట్ ఫైటర్ 2 కావాలంటే ఒక్కో ఆటగాడికి ఆరు బటన్లు ఉండాలి, అదనపు వైర్లు కూడా లాగాలి.

మూడోది, వైరింగు ఏ రకం? జపాన్‌లోని ఆట యంత్రాల తయారీదారుల సంఘం పేరు పొడి అక్షరాల్లో జామ్మా. ఆ సంఘం 1985లో అందరికీ ఒకే కనెక్టర్ పద్ధతిని ఖరారు చేసింది. ఒక్కో వైపు 28 చొప్పున 56 కాళ్లు, కాలికీ కాలికీ మధ్య 3.96 మిల్లీమీటర్లు. మన ఊళ్లో 1990లలో నడిచిన పెట్టెల్లో నేను విప్పినవన్నీ జామ్మావే. మల్టీగేమ్ బోర్డు నేరుగా అందులోకి వెళుతుంది. అంతకన్నా పాత పెట్టె దొరికితే కాళ్లు లెక్కపెట్టండి. అసలైన ప్యాక్-మ్యాన్ బోర్డుకు 44 కాళ్ల కనెక్టర్ ఉంటుంది, పైగా దానికి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఏసీ కరెంటే నేరుగా వస్తుంది. అలాంటి పెట్టెకు మార్పిడి కనెక్టర్‌తో పాటు వేరే పవర్ సప్లై కూడా కావాలి.

ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. ఈ బోర్డుల్లో చాలావాటికి ఆటల హక్కుదారుల అనుమతి ఉండదు. ఇంట్లో పిల్లలతో ఆడుకోవడం వేరు, దుకాణంలో పెట్టి డబ్బు వసూలు చేయడం వేరు. రెండో పనికి నన్ను సలహా అడగవద్దు.

కావలసినవి

మల్టీగేమ్ బోర్డు. డిజిటల్ మల్టీమీటర్ (ఇది లేకుండా పని మొదలుపెట్టవద్దు). ఆర్కేడ్ పెట్టెలకు వాడే పవర్ సప్లై, అంటే 5 వోల్టులు, 12 వోల్టులు, మైనస్ 5 వోల్టులు ఇచ్చేది. పాతది బాగుంటే అదే చాలు. సోల్డరింగ్ ఐరన్, సీసం, హీట్ ష్రింక్ స్లీవ్‌లు, స్క్రూడ్రైవర్లు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్ బ్రష్, పెన్సిల్ రబ్బరు, కాగితపు టేపు, పెన్ను. హోల్డర్‌తో ఒక 100 వాట్ల ఫిలమెంట్ బల్బు. ఒక ముఖం అద్దం. బల్బూ అద్దమూ ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

విడిభాగాల కోసం నేను డాబా గార్డెన్స్ వైపు ఎలక్ట్రానిక్స్ దుకాణాలు తిరుగుతాను. 56 కాళ్ల కనెక్టర్ కొట్లో దొరకకపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. కొత్త హార్నెస్ (కనెక్టర్‌తో పాటు వచ్చే వైర్ల కట్ట) మొత్తం తెప్పించుకోవడం ఇంకా మంచిది. ఎందుకంటారా? రెండో మెట్టు చదవండి.

1. ఫోటోలు తీయండి, చీటీలు అంటించండి

వెనుక తలుపు తీయగానే దేన్నీ ముట్టుకోకండి. ఫోనుతో పది పన్నెండు ఫోటోలు తీయండి. ప్రతి వైరు మీదా కాగితపు టేపు చుట్టి అది ఎక్కడి నుంచి ఎక్కడికి వెళుతుందో రాయండి. రంగును నమ్మవద్దు. పాత దుకాణాల్లో మెకానిక్ చేతికి ఏ రంగు వైరు దొరికితే అదే వేసేవాడు. ఎర్ర వైరు గ్రౌండుగా ఉన్న పెట్టెను నేను చూశాను.

2. శుభ్రం చేయండి, వైర్లు చూడండి

ప్లగ్గు గోడ నుంచి పీకేసి ఉండాలి. స్విచ్చి ఆపితే చాలదు.

లోపల బొద్దింకలు, వాటి గుడ్లు, ఎలుక కొరికిన వైర్లు ఉంటాయి. అవి కంటికి కనిపించే శత్రువులు. కనిపించనిది ఉప్పు. బీచ్ రోడ్డుకు దగ్గరగా, పెదవాల్తేరులోనో చినవాల్తేరులోనో పదేళ్లున్న పెట్టెలో రాగి వైరు పైన ప్లాస్టిక్ నిగనిగలాడుతున్నా, చివర ఒక అంగుళం ఒలిచి చూస్తే లోపల నల్లగానో పచ్చగానో మారి ఉంటుంది. అలాంటి వైరుకు సీసం అంటదు, అతికినట్టు కనిపించినా రెండు నెలల్లో వదిలేస్తుంది. ఒలిచిన చోట రాగి మెరవకపోతే ఇంకో రెండు అంగుళాలు కోసి చూడండి. అక్కడా నల్లగానే ఉంటే మొత్తం హార్నెస్ మార్చేయడమే దారి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను నీటిలో తడిసిన పెట్టెలు ఇప్పటికీ అమ్మకానికి వస్తుంటాయి. అడుగు చెక్క ఉబ్బి పొరలు లేచి ఉంటే అలాంటిదేమోనని అనుమానించండి.

పాత కనెక్టర్‌నే వాడదలిస్తే లోపలి రాగి నాలుకలను ఆల్కహాల్‌లో ముంచిన బ్రష్‌తో తోమండి. గరుకు కాగితం వాడవద్దు, పైపూత పోతే తుప్పు మరింత త్వరగా వస్తుంది. కొత్త బోర్డు అంచు వేళ్లు కూడా చేతి చెమట తగిలి మసకబారి ఉంటే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది ఆల్కహాల్‌తో తుడవండి.

3. పిక్చర్ ట్యూబు జోలికి అవసరమైతేనే వెళ్లండి

బోర్డు మార్చడానికి పిక్చర్ ట్యూబును ముట్టుకోవలసిన పనే లేదు. చాలామంది ఉత్సాహంగా దుమ్ము తుడవబోయి ప్రమాదం తెచ్చుకుంటారు. ట్యూబు పైన రబ్బరు టోపీ కింద ఉండే వోల్టేజీ ఇరవై వేల దాకా ఉంటుంది, ప్లగ్గు పీకిన తరువాత కూడా అక్కడ నిలిచి ఉండవచ్చు. ట్యూబును విప్పక తప్పకపోతే పాత టీవీలు బాగుచేసిన మెకానిక్‌ను పిలవండి. మన ఊళ్లో అలాంటివారు ఇంకా ఉన్నారు, ఐదు నిమిషాల్లో ఆ చార్జిని గ్రౌండుకు దించి వెళతారు. మీ అంతట మీరు చేయవద్దనే నా మాట.

ట్యూబు వెనుక సన్నని గాజు మెడ ఉంటుంది. స్క్రూడ్రైవర్ జారి దానికి తగిలినా, మోచేయి తగిలినా గాలి లోపలికి వెళ్లిపోతుంది, ట్యూబు పని అయిపోయినట్టే. మెడ చుట్టూ పాత తువ్వాలు వదులుగా చుట్టి పని చేయండి, కరెంటు పెట్టేముందు తీసేయండి.

పెట్టె అడుగున బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కనిపిస్తే అది పనికిరాని ఇనుము కాదు. చాలా ఆర్కేడ్ మానిటర్ల చాసిస్ (ట్యూబును నడిపే సర్క్యూట్ బోర్డు) ఇంటి కరెంటు నుంచి వేరుపడి ఉండదు, ఆ వేరు చేసే పని ఈ ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌దే. దాన్ని తీసి పాత ఇనుముకు అమ్మేసి మానిటర్‌ను నేరుగా 230 వోల్టులకు కలిపినవాళ్లు ఉన్నారు. అప్పుడు మానిటర్ లోహపు చట్రానికే కరెంటు వస్తుంది.

4. ముందు కరెంటు, ఆ తరువాతే బోర్డు

దాటవద్దని చెప్పింది ఈ మెట్టునే.

బోర్డును ఇంకా పెట్టెలో పెట్టకండి, అట్టపెట్టెలోనే ఉంచండి. పవర్ సప్లై మీద 110, 220 అని చిన్న మీట ఉంటే అది 220 వైపు ఉందో లేదో చూడండి. ఫ్యూజు విలువ చూడండి. ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టి ఉంటే (చాలాసార్లు అదే కనిపిస్తుంది) తీసి పారేసి సరైన ఫ్యూజు వేయండి. గోడ సాకెట్‌లో ఎర్తింగ్ ఉందా? మీటరును ఏసీలో పెట్టి ఫేజుకూ ఎర్తుకూ మధ్య కొలవండి, ఇంచుమించు 230 రావాలి. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య కొద్ది వోల్టులకు మించకూడదు. పాత అపార్టుమెంట్లలో ఎర్తు రంధ్రం అలంకారానికే ఉంటుంది. అలా ఉంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, ఆట తరువాత.

ఇప్పుడు సీరీస్ బల్బు. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు ఆ 100 వాట్ల బల్బును ఫేజు వైరుకు వరుసలో కలపండి. బల్బు ఒక్క క్షణం వెలిగి మసకబారితే పరవాలేదు, ట్యూబులో చేరిన అయస్కాంతత్వాన్ని తొలగించే కాయిల్ మొదట ఎక్కువ కరెంటు లాగుతుంది కనుక అది సహజమే. బల్బు నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల ఎక్కడో షార్టు ఉంది. వెంటనే ఆపండి. బల్బు లేకుండా నేరుగా పెట్టి ఉంటే ఆ వెలుగు పవర్ సప్లైలో కనిపించేది, పొగతో సహా.

బల్బు పరీక్ష నెగ్గాక బల్బు తీసి నేరుగా కరెంటు ఇవ్వండి. మీటరును డీసీలో పెట్టి, నల్ల కొనను కనెక్టర్ ఒకటో కాలికి (గ్రౌండు) ఆనించి ఎర్ర కొనతో ఇలా కొలవండి:

3, 4 కాళ్లలో ప్లస్ 5 వోల్టులు.
5వ కాలిలో మైనస్ 5. మీ బోర్డుకు ఇది అవసరం లేకపోవచ్చు, కానీ ఇక్కడ ప్లస్ కనిపిస్తే వైరింగు తప్పు.
6వ కాలిలో ప్లస్ 12.
7వ చోట కాలు ఉండదు, అది తాళం గుర్తు.

అవతలి వైపు కాళ్లను ఆంగ్ల అక్షరాలతో పిలుస్తారు: గ్రౌండుకు ఏ, బీ. 5 వోల్టులకు సీ, డీ. 12కు ఎఫ్. ఆ వైపు కూడా కొలవండి. ఒక వైపు 5 వచ్చి రెండో వైపు రాకపోతే వైరు తెగి ఉంది.

ఒక్క అంకె తేడాగా ఉన్నా బోర్డు పెట్టవద్దు. నేను తగలబెట్టిన బోర్డు విషయంలో జరిగింది ఇదే. పాత మెకానిక్ ఎవరో 5 వోల్టుల చోటికి 12 లాగి ఉంచాడు, నేను కొలవలేదు, రెండు సెకన్లలో గదంతా వాసన.

5. బోర్డు మీద చిన్న మీటలు సర్దండి

డిప్ స్విచ్‌ల వరుస బోర్డు మీద ఉంటుంది. ఏది దేనికో బోర్డుతో వచ్చిన కాగితం చెబుతుంది. మీకు కావలసినవి ముఖ్యంగా రెండు. ఒకటి తెర రకం. పాత ఆర్కేడ్ పిక్చర్ ట్యూబుకు 15 కిలోహెర్ట్జ్ సిగ్నల్ కావాలి, కాగితాల్లో దీన్ని సీజీఏ అని రాస్తారు. కంప్యూటర్ మానిటర్‌కు 31 కిలోహెర్ట్జ్, అంటే వీజీఏ. పాత ట్యూబుకు 31 పంపితే బొమ్మ ముక్కలు ముక్కలుగా అడ్డగీతలవుతుంది, సన్నని ఈల వినిపిస్తుంది. అలాగే వదిలేస్తే చాసిస్ పాడవవచ్చు, వెంటనే ఆపండి. రెండోది నాణెం లేకుండా ఆడే ఏర్పాటు. పరీక్షించేటప్పుడు దాన్ని పెట్టి ఉంచండి, ప్రతిసారీ నాణెం వేయనవసరం లేదు.

ట్యూబు పూర్తిగా పోయి ఉంటే బాధపడకండి. బోర్డుకు వీజీఏ సాకెట్ ఉంటే పాత 19 అంగుళాల చదరపు ఎల్‌సీడీ మానిటర్‌ను నిలువుగా తిప్పి బిగించండి. ట్యూబులో ఉండే ఆ వెచ్చటి వెలుగు రాదు. కానీ ఇరవై వేల వోల్టుల భయమూ ఉండదు. పిల్లలున్న ఇంటికి నేను ఇదే చెబుతాను.

6. బోర్డు పెట్టండి, ఒకటికి రెండుసార్లు దిక్కు చూసి

కరెంటు తీసేయండి. బోర్డు అంచులో ఒకటో కాలు ఎటు ఉందో చూడండి. చిప్పులు ఉన్న వైపు అంకెలు, సీసం వైపు అక్షరాలు. కనెక్టర్‌లో అంకెల వైపు, బోర్డులో అంకెల వైపు కలవాలి.

ఇక్కడ ఒక మోసం ఉంది. "మీటరుతో గ్రౌండు ఎక్కడుందో చూసి దిక్కు కనుక్కుంటాను" అంటారు కొందరు. జామ్మాలో గ్రౌండు రెండు చివర్లా ఉంది, 1, 2 కాళ్లతో పాటు 27, 28 కూడా గ్రౌండే. తిరగేసి పెట్టినా గ్రౌండు గ్రౌండుకే తగులుతుంది, మీటరు సంతోషంగా కూత పెడుతుంది. అప్పుడు 12 వోల్టులు వెళ్లి పడేది 23వ చోట, అంటే రెండో బటన్ మీద. ఐదు వోల్టులు భరించడానికి తయారైన చిప్పు 12ను భరించలేదు. అందుకే గ్రౌండును కాదు, తాళాన్ని చూడండి. ఒక చివర నుంచి ఏడో చోట ఖాళీ ఉంటే అదే మొదలు. కొన్ని బోర్డులకు ఆ చోట గాటు కోసి ఉంటుంది, కొన్నింటికి ఉండదు. లేనివాటి మీద మార్కర్‌తో మీరే ఒక గీత పెట్టుకోండి.

బోర్డును పెట్టె గోడకు ప్లాస్టిక్ స్తంభాల మీద బిగించండి. లోహపు రేకుకు ఆనించవద్దు. అట్ట ముక్క మీద పడుకోబెట్టి వదిలేసేవారున్నారు, తేమకు ఆ అట్ట మెత్తబడి బోర్డు జారుతుంది.

7. మొదటి వెలుగు

కరెంటు ఇవ్వండి. చెయ్యి స్విచ్చి మీదే ఉంచండి. ఐదు సెకన్లలో వాసన గానీ పొగ గానీ లేకపోతే మీటరును బోర్డు దగ్గర 5 వోల్టుల చోట పెట్టి కొలవండి. పవర్ సప్లై దగ్గర కాదు. పాత వైరు దారిలో కొంత తినేస్తుంది. బోర్డు దగ్గర 5.00 నుంచి 5.10 మధ్య రావాలి. 4.8 కన్నా తక్కువైతే ఆట మధ్యలో మొదటికి పోతుంటుంది. పవర్ సప్లై మీద చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని వెంట్రుకవాసి చొప్పున తిప్పండి. 5.25 దాటనివ్వకండి. సప్లై దగ్గర 5.2, బోర్డు దగ్గర 4.7 ఉంటే స్క్రూ తిప్పడం పరిష్కారం కాదు, మధ్యలో వైరు గానీ కనెక్టర్ గానీ కుళ్లింది. రెండో మెట్టుకు వెనక్కి వెళ్లండి.

8. బొమ్మ, శబ్దం

బొమ్మ జారుతుంటే ట్యూబు వెనుక ఉండే హెచ్-హోల్డ్, వీ-హోల్డ్ గుండీలను ప్లాస్టిక్ పుల్లతో తిప్పాలి. లోహపు స్క్రూడ్రైవర్ వద్దు. ఒక చేయి వెనక్కి పెట్టుకోండి. తెర మీకు కనిపించదు కదా, అందుకే ఆ ముఖం అద్దాన్ని పెట్టె ముందు కుర్చీ మీద నిలబెట్టండి. మనిషిని నిలబెట్టి "ఇటు తిప్పు, అటు తిప్పు" అనిపించుకోవడంలో సగం తగవులే.

ఒక రంగు రాకపోతే ఆ రంగు వైరు చూడండి. ఎరుపు 12వ కాలు, ఆకుపచ్చ దాని అవతలి వైపు ఎన్, నీలం 13, సింక్ (బొమ్మను తెర మీద కుదురుగా నిలిపే సిగ్నల్) దాని వెనుక పీ. బొమ్మ ఉంది కానీ మందపాటి చార కిందికీ పైకీ పాకుతోందంటే 14వ కాలు, వీడియో గ్రౌండు, కలవలేదు. మానిటర్‌కు సింక్ రెండు వైర్లుగా ఉంటే బోర్డు నుంచి వచ్చే ఒక్క సింక్ వైరును అడ్డం సింక్‌కు కలిపి చూడండి, చాలా చాసిస్‌లు దానితోనే సర్దుకుంటాయి. రంగులన్నీ నెగటివ్ ఫిల్ములా తలకిందులుగా వస్తే ఆ మానిటర్ ఉల్టా సిగ్నల్ కోరే రకం. నింటెండో 1980ల నాటి డాంకీ కాంగ్ పెట్టెల్లో సాన్యో మానిటర్లు ఇలాంటివే. వాటికి మధ్యలో చిన్న మార్పిడి బోర్డు కావాలి.

స్పీకరుకు రెండు వైర్లు, 10వ కాలు ప్లస్, దాని వెనుక ఎల్ మైనస్. ఈ మైనస్‌ను గ్రౌండుకు కలపకండి. చాలా బోర్డుల్లో ఆంప్లిఫయర్ రెండు కొసలనూ తానే నడుపుతుంది, గ్రౌండుకు తగిలిస్తే ఆ చిప్పు పోతుంది. శబ్దం అసలు రాకపోతే ముందు 12 వోల్టులు చూడండి, తరువాత బోర్డు మీది శబ్దం గుండీని.

9. జాయ్‌స్టిక్, బటన్లు, నాణెం

ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే.

బటన్ల కిందా కర్ర కిందా ఉండే ప్రతి మైక్రోస్విచ్‌కు మూడు కాళ్లు ఉంటాయి: సీఓఎం (ఉమ్మడి కాలు), ఎన్ఓ (నొక్కితే కలిసేది), ఎన్‌సీ (నొక్కితే విడిపోయేది). మీకు కావలసినవి మొదటి రెండే. సీఓఎం గ్రౌండుకు, ఎన్ఓ బోర్డు నుంచి వచ్చే వైరుకు. ఎన్‌సీకి కలిపితే ఆటలో మీ మనిషి ఎవరూ ముట్టుకోకుండానే ఒక వైపు పరుగెడుతుంటాడు. గ్రౌండు వైరు ఒక స్విచ్ నుంచి ఇంకో స్విచ్‌కు దండలో పూలలా వెళుతుంది. మొదటి మూడు బటన్లు పనిచేసి నాలుగోది నుంచి అన్నీ చచ్చి ఉంటే మూడో, నాలుగో బటన్ల మధ్య దండ తెగింది. విడివిడిగా ఒక్కో బటన్ విప్పి చూస్తూ కూర్చోకండి.

ఎడమకు తోస్తే కుడికి వెళుతోందా? అందరూ చేసే తప్పే. కర్ర పైకొన ఎడమకు వంగితే కింది కొన కుడివైపు స్విచ్‌ను నొక్కుతుంది. కాబట్టి "ఎడమ" వైరు కుడివైపు స్విచ్‌కు వెళ్లాలి. పైకీ కిందికీ కూడా ఇదే లెక్క.

చాలా పాత పెట్టెల్లో మైక్రోస్విచ్‌లు ఉండవు, రెండు రేకులు తాకే రకం ఉంటుంది. అవి నల్లబడితే పారేయకండి. పాత పెళ్లి శుభలేఖను వేలెడు వెడల్పున కత్తిరించి, ఆల్కహాల్‌లో ముంచి, రెండు రేకుల మధ్య పెట్టి నొక్కి లాగండి. నల్లటి చార కాగితం మీదికి వస్తుంది. తళతళలాడే శుభలేఖలు పనికిరావు, గరుకు అట్టవి కావాలి.

ప్యాక్-మ్యాన్, డాంకీ కాంగ్, ఫ్రాగర్ నాలుగు దిక్కుల ఆటలు. ఎనిమిది దిక్కుల కర్రతో ప్యాక్-మ్యాన్ ఆడితే మలుపు దగ్గర కర్ర మూలకు పడి బొమ్మ గోడకు కొట్టుకుంటుంది, "బోర్డు బాగాలేదు" అని నాకు ఫోను వస్తుంది. కర్ర కింద దిక్కుల పలక ఉంటే దాన్ని తిప్పి నాలుగు దిక్కులకు పెట్టండి. అలా పెడితే 1942లో విమానం మూలలకు వెళ్లదు. రెండింటికీ న్యాయం చేయాలంటే మీట తిప్పి మార్చుకునే కర్రలు ఉన్నాయి. లేదంటే మీ ఇంట్లో ఎక్కువగా ఏది ఆడతారో తేల్చుకోండి. నేను ప్యాక్-మ్యాన్ వైపు.

నాణెం దారి గురించి. 2011లో వచ్చిన రూపాయి బిళ్ళ అంతకు ముందు దానికన్నా చిన్నది. 1990లలో సర్దిన నాణెం యంత్రం కొత్త బిళ్ళను జారవిడిచేస్తుంది. పాత బిళ్ళలు ఒక డజను డబ్బాలో వేసి పెట్టె పక్కన ఉంచుకోండి. అదీ కుదరకపోతే నాణెం స్విచ్ వైరుకే ఒక చిన్న బటన్ కలపండి. అది వెళ్లేది 16వ కాలికి.

అసలు బోర్డు బతికే ఉంటే

కొందరి దగ్గర నిజమైన 1980ల నాటి బోర్డు ఇంకా నడుస్తూ ఉంటుంది. దాన్ని తీసి పక్కన పెట్టి 60-ఇన్-1 వేయవద్దు. ప్యాక్-మ్యాన్ వంటి బోర్డులకు జెడ్80 ప్రాసెసర్ చిప్పు చోట గుచ్చే చిన్న కిట్‌లు వేరుగా ఉన్నాయి. అసలు బోర్డు అలాగే ఉంటుంది, ఆటలు పెరుగుతాయి. 40 కాళ్ల చిప్పును రెండు చివరల నుంచీ మార్చి మార్చి కొద్దికొద్దిగా లేపండి, ఒకే వైపు నుంచి లేపితే కాళ్లు వంగుతాయి. చిప్పు నెత్తిన ఉండే గాటు ఎటు ఉందో ముందే ఫోటో తీయండి, కిట్ గాటు కూడా అటే ఉండాలి. తీసిన చిప్పును అల్యూమినియం రేకులో చుట్టి పెట్టెలోనే ఒక మూల టేపుతో అంటించండి. ఎప్పుడైనా పెట్టెను అమ్మితే కొనేవాడు దాన్ని అడుగుతాడు.

సరిగ్గా వచ్చిందా? పరీక్ష

తలుపు మూయకుండా గంటసేపు ఆడండి, తరువాత మూసి ఇంకో రెండు గంటలు. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక ఆగిపోయే సమస్యలు ఎక్కువ. రెండు గంటల తరువాత మళ్లీ బోర్డు దగ్గర 5 వోల్టులు కొలవండి. మొదట కొలిచిన దానికీ దీనికీ తేడా 0.1 మించకూడదు. కనెక్టర్ మీద చేయి పెట్టి చూడండి, 5 వోల్టుల కాళ్ల దగ్గర వెచ్చగా ఉంటే అక్కడ కనెక్షన్ వదులు. పెట్టెను ఒక పక్క నుంచి అరచేత్తో మెల్లగా తట్టండి, బొమ్మ ఉలిక్కిపడకూడదు. ఇద్దరు ఆటగాళ్ల బటన్లన్నీ ఒక్కొక్కటిగా నొక్కండి. చాలామంది మొదటి ఆటగాడి వైపే పరీక్షించి తలుపు మూసేస్తారు.

వెనుక గాలి కన్నాలకు గోడను ఆనించకండి, జానెడు దూరం వదలండి. లోపల రెండు సిలికా జెల్ సంచులు వేయండి. నెలకొకసారైనా అరగంట ఆన్ చేయండి, ఆ వేడికే లోపలి తేమ పోతుంది. వాడకుండా మూసి ఉంచిన పెట్టెలే మన ఊళ్లో త్వరగా పాడవుతాయి.

తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించి, తేదీ వేసి, బోర్డు దగ్గర కొలిచిన వోల్టేజీ రాయండి. ప్రతి సంవత్సరం వానలు మొదలవడానికి ముందు మళ్లీ కొలిచి కింద రాసుకోండి. పోయినసారి 5.06 ఉన్నచోట ఈసారి 4.90 కనిపించిందంటే సప్లై స్క్రూ జోలికి వెళ్లకండి, కనెక్టర్ విప్పి ఆల్కహాల్‌తో తుడవండి.